మేడ దిగిన కంప్యూటర్లు

సెలవుల్లో బడి నిద్రపోతున్నట్టుంది. కిటికీలోంచి పడ్డ ఎండ వరండా పొడవునా పాకి, ఏ గది ముందూ ఆగకుండా వెళ్లిపోతోంది. మేడమీద కంప్యూటర్ టీచరు ఒక పాత తీగను పట్టుకుని మెల్లగా లాగింది.

"బావా, కదిలిందా?"

"ఏదో కదిలింది. ఏది కదిలిందో దానికే తెలియాలి!" కింది ఆఫీసు గదిలోంచి అక్క మొగుడి గొంతు వినిపించింది.

ఆయన కరెంటు పనివాడు. ఆ తీగలు ఎప్పుడో ఆయన వేసినవే. అన్నీ ఒకే రంగు, ఒక్కదానికీ గుర్తు లేదు. అంతా బుర్రలో ఉంటుందిలే అనుకున్నాడట మహానుభావుడు! అందుకే ఇప్పుడు ఈవిడ పైన లాగడం, ఆయన కింద ఏ కొస వణికిందో చూసి దానికి దారం కట్టడం.

బడివారిచ్చిన డబ్బు తీగలన్నిటినీ కలిపే కొత్త పెట్టెకూ, ఒక చుట్ట తీగకూ బొటాబొటీగా సరిపోయింది. కంప్యూటర్లు పాతవే. దుప్పటి ఉన్నంతవరకే కదా కాళ్లు చాపుకోవాలి. ఆ చుట్టలోంచే కింద చివరి తరగతి గదికి ఒక తీగ లాగాలని టీచరు పంతం. అది రేడియో కోసం.

రేడియో ఆరో తరగతి పిల్ల. నోరు తెరిస్తే ఆగదు కాబట్టి ఆ పేరు. తిరిగేది చక్రాల కుర్చీలో. కంప్యూటర్ పీరియడ్ గంట కొట్టగానే మిగతా పిల్లలు బిలబిలమంటూ మెట్లెక్కేవారు. ఖాళీ గదిలో ఆ పిల్ల ఒక్కతే, తలెత్తి, పైన అడుగుల చప్పుడు వింటూ కూర్చునేది. ఒకరోజు మధ్యలో దిగొచ్చిన టీచరు ఆ మౌనం చూసింది. ప్రాణం ఉసూరుమంది. బడి మళ్లీ తెరిచేసరికి ఈ పిల్ల ముందు కంప్యూటర్ ఉండి తీరాలని అప్పుడే అనుకుంది.

సాయంత్రానికి తీగ చివరి తరగతి గదికి చేరింది. తెర వెలిగి, దాని మీద సముద్రం బొమ్మ పరుచుకుంది.

"మరదలా, నీ రేడియోకి స్టేషను దొరికింది!" అన్నాడు బావ.

బడి వెనకే ఉన్న ఇంటికి కబురు పెడితే పిల్ల వచ్చింది. నీలం వెలుగు మొహం నిండా పడింది. ఒక్కొక్క మీటా నొక్కి నవ్వింది. తర్వాత చుట్టూ చూసింది.

"మరి మావాళ్లు, టీచర్?"

"వాళ్లు పైనే. నువ్విక్కడ హాయిగా చేసుకోవచ్చు."

"అయితే ఇప్పుడు కూడా నేనొక్కదాన్నేనా?"

ఆ పిల్ల ఇన్నాళ్లూ చెవి ఒగ్గింది కంప్యూటర్ కోసం కాదు, ఆ అడుగుల కోసం. ఎంత పిచ్చిదాన్ని అనుకుంది టీచరు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

పిల్లను ఇంటి దగ్గర దింపి వచ్చి, ఆఫీసు గదిలో దారాలు కట్టిన కొసల ముందు నిలబడింది.

"బావా, ఇవన్నీ ఇక్కణ్ణుంచే కదా పైకెళ్తున్నాయి?"

"ఇంకెక్కణ్ణుంచి?"

"అసలు పైకెందుకు వెళ్లాలి?"

బావ తల గోక్కున్నాడు. "అంతా విప్పాలా తల్లీ! చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరేనా?" అంటూనే చొక్కా చేతులు మడిచాడు.

పక్క గది నిండా విరిగిన బెంచీలు. ఖాళీ చేయిస్తామంటే హెడ్మాస్టరు ససేమిరా అన్నాడు. కంప్యూటర్లు మేడమీదుంటేనే భద్రమట, బెంచీలు పెట్టడానికి వేరే చోటు లేదట.

"మేడమీద పెడదాం సార్. మెట్లెక్కలేమని అవేమీ ఏడవవు" అంది టీచరు.

ఆయన సొరుగు తీసి, తాళంచెవి బల్లమీద పెట్టాడు.

బెంచీలు మేడెక్కాయి, కంప్యూటర్లు దిగాయి. కిటికీలకు గట్టి చువ్వలు బిగించారు. ఆ దూరానికి పాత తీగల్లో సగం కూడా పట్టలేదు.

బడి తెరిచిన రోజు గంట కొట్టగానే, టీచరు అలవాటు కొద్దీ చకచకా మెట్లెక్కేసింది. తలుపు తీస్తే విరిగిన బెంచీలు, వాటి మీద ఎండ. నాలుక కరుచుకుని వెనక్కి తిరగబోయింది. అంతలో కిందినుంచి ఒక గొంతు, గలగలా, ఆగకుండా.

"ఒరేయ్, అది కాదురా, ఇది నొక్కు! జరుగు, నాకూ కనిపించనీ!"

క్లాసుకు ఆలస్యమవుతోంది. అయినా టీచరు ఒక బెంచీ అంచున కూర్చుని, కాసేపు ఒక్కతే విన్నది.