సానరాయి మీద మబ్బు

కూతుర్ని చూద్దామని పార్సిప్పనీ నుంచి రెడ్‌మండ్ వచ్చింది జానకీదేవి. దిగిన సాయంత్రమే సింకు పక్కన పసుపుపచ్చటి నున్నటి రాయి ఒకటి కనిపించింది. ఇదేమిటే అని అడిగితే, "సానరాయి అమ్మా. జపాన్‌ది," అంది శ్రుతి.

అమెరికాలోనే పుట్టిన పిల్ల నోట అంత చక్కని మాట! తల్లి మురిసిపోయింది. మర్నాడు శుక్రవారం. పొద్దున్నే తలస్నానం చేసి, ఆ రాయి మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి, చక్కగా గంధం తీసి వేంకటేశ్వరుడికి పెట్టి వచ్చింది.

నిద్ర లేచిన శ్రుతి రాయిని చూసి గొల్లుమంది.

"అమ్మా! అది కత్తులు షార్ప్ చేసేది!"

"సాన అన్నావు కదే!"

"ఫిష్ కట్ చేసే కత్తులు!"

"చేపల రాయా? రామ రామ! ఆ గంధమే దేవుడి నుదుటికి పెట్టానే!"

ఇద్దరూ చెరో కారణానికి తల పట్టుకున్నారు. శ్రుతిది మాత్రం నిజంగా ప్రాణసంకటం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి జపనీస్ రెస్టారెంట్‌లో చేరి, ఇన్నాళ్లూ బియ్యం కడుగుతూనే ఉంది. ఇవాళ మధ్యాహ్నం షెఫ్ మొరిత ముందు చేప కోసి చూపించాలి. నచ్చితే కౌంటర్ దగ్గర చోటిస్తాడు. లేదంటే తిరిగి పాత ఆఫీస్‌కే.

మామూలుగా ఆ రాయి మీద కత్తి పెట్టగానే జానెడు మబ్బు దిగి సన్నగా తుంపర పడుతుంది. తడుస్తుందని పోపుల డబ్బా అవతల పెట్టుకుంటుంది శ్రుతి. ఇవాళ ఎంత నూరినా మబ్బు రాలేదు. గంధపు జిడ్డు మీద కత్తి జారిపోతోంది. టమాటా తొక్క కూడా తెగలేదు. శ్రుతికి ఏడుపొచ్చేసింది.

ఆ ఏడుపు జానకీదేవి చూడలేకపోయింది. ఉద్యోగం మానేసినందుకు ఏడాదిగా సాధించిన మాటలన్నీ ఆవిడకే గుచ్చుకున్నాయి. కొంగు బొడ్లో దోపుకుంది.

"కత్తి ఎలా పట్టుకోవాలో చూపించు."

"నువ్వా? ఫిష్ నైఫ్ అమ్మా అది!"

"దేవుడికి ఎటూ సమాధానం చెప్పుకోవాలిగా. చూపించు."

శ్రుతి కత్తిని వాలుగా పట్టించింది. నూరుతున్న కూతురి చేతులు గుర్తొచ్చి జానకీదేవి అంది: "నువ్వు నొక్కేస్తున్నావే. గంధం తీసేటప్పుడు నొక్కితే చెక్క పొడి రాలుతుంది గానీ గంధం రాదు. చెయ్యి వదులు చెయ్యి."

"షెఫ్ కూడా రోజూ అదే అంటాడు," అంటూ శ్రుతి ముక్కు తుడుచుకుని, తల్లి చేతుల మీద తన చేతులు వేసింది.

నెమ్మదిగా మబ్బు దిగింది. ముందు గంధం వాసనతో కురిసింది, కాసేపటికి వాసనే లేకుండా కురిసింది. టమాటా మీద కత్తి ఆనిస్తే చాలు, తెగింది.

మధ్యాహ్నం రెస్టారెంట్ ఎదుట కారులో కూర్చుని జానకీదేవి అద్దంలోంచి చూస్తోంది. శ్రుతి కత్తికి చుట్టిన గుడ్డ విప్పగానే, అందులో ఒదిగి వచ్చిన మబ్బు చేప కోసే చెక్క మీద నిలబడింది. శ్రుతి నొక్కకుండా కోసింది. మొరిత ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసి తెరిచాడు. తన చెక్కను పక్కకి జరిపి ఆమెకి చోటిచ్చాడు.

జానకీదేవి అప్పుడు ఊపిరి తీసుకుంది. ఫోన్ మోగింది.

"అమ్మా! చోటిచ్చేశాడు! ఇక్కడే ఉంటున్నా!"

"చాలా సంతోషం తల్లీ," అంది జానకీదేవి, కళ్లు ఒత్తుకుంటూ. "వచ్చేటప్పుడు ఆ మబ్బుని ఇంటికి తీసుకురా. స్వామి మొహం కడగాలి."