మొదటి గ్లౌజు పిన్నికే

గిన్నెలో చిక్కటి రబ్బరు పాకంలోకి కార్బన్ పొడి కొద్దికొద్దిగా వంపుతూ గరిటెతో తిప్పుతున్నాడు మసి బాబాయ్. ఆ పొడి కాటుక కన్నా నలుపు, పిండి కన్నా తేలిక. ఊపిరి గట్టిగా వదిలితే చాలు, లేచి మొహమంతా పులుముకుంటుంది. అందుకే మూతికి గుడ్డ కట్టుకుంటాడు. ఎన్ని సబ్బులు అరగదీసినా గోళ్ళ సందుల్లో నలుపు మాత్రం పోదు. 'మసి బాబాయ్' అని పేరు పెట్టింది ఇప్పుడు ప్రయోగశాలకు పెద్దగా ఉన్న సారే. చదువుకోడానికి వచ్చిన కొత్తలో, బాబాయ్ క్యారేజీలో సగం లాగించేస్తూ పెట్టాడు. పెద్ద కుర్చీ ఎక్కినా ఆ పిలుపు మారలేదు. అందుకే అతనంటే బాబాయ్‌కి పిచ్చి ప్రేమ.

పాకాన్ని గాజు పలక మీద పోసి, బ్లేడుతో పల్చగా లాగి, ఓవెన్లోకి తోశాడు. నిన్న ఆరిన రేకును ఒలిచి పట్టీలుగా కోశాడు. పట్టీ సాగితే కరెంటుకు దారి ఇరుకవుతుంది, మీటరు మీద అంకె పెరుగుతుంది. ఆ అంకెను బట్టే వేలు ఎంత వంగిందో యంత్రానికి తెలుస్తుంది. కిటుకంతా ఇంతే. కాని కొత్త పట్టీ ఒట్టి అబద్ధాలకోరు. ఒకసారి సాగి వెనక్కి వచ్చాక మొదటి అంకె చెప్పమంటే చచ్చినా చెప్పదు. ఓపిగ్గా లాగి వదిలి, లాగి వదిలి దాన్ని దారికి తేవాలి. అందుకు యంత్రం ఉంది. అయినా మొదట కాసేపు బాబాయ్ చేత్తోనే లాగుతాడు. "ముందు మనిషి చెయ్యి అంటే ఏంటో తెలియాలే నీకు" అని పట్టీతో కబుర్లు కూడానూ.

ఆ మనిషెవరో ప్రయోగశాలలో అందరికీ తెలుసు. బాబాయ్ భార్య ఒక పార్లర్లో జుట్టు కత్తిరించేది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుపోయింది. అప్పుడు సారు స్వయంగా ఇంటికొచ్చి, ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే మెల్లగా విప్పి కొలతలు తీసుకున్నాడు. "గాలి కొడితే వేళ్ళను అదే విప్పే మెత్తటి గ్లౌజు చేస్తున్నాం. మొదటిది పిన్నికే" అన్నాడు. ఆ రోజు నుంచి బాబాయ్ క్షవరం మానేశాడు. గ్లౌజు తొడుక్కుని ఆవిడే కత్తిరించాలట! జుట్టు చెవులు దాటి కాలరు మీద పడింది. "సన్యాసం ఎప్పుడు బాబాయ్?" అని కుర్రకారు ఏడిపిస్తే మురిసిపోయేవాడు. సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే "ఎంతవరకొచ్చింది?" అని ఆవిడ అడిగేది. ఈయన పూసగుచ్చినట్టు చెప్పేవాడు.

ఈమధ్య పట్టీలన్నీ ఒకే పొడవున కోయమంటున్నారు. ఆవిడ చిటికెనవేలు పొట్టి కదా, ఇదేంటి అనుకున్నాడు. ఏ పరీక్షల కోసమోలే అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. నమ్మినవాడికి అనుమానం ఎక్కణ్ణుంచి వస్తుంది?

భోజనాలకు ముందు కోట్లు వేసుకున్న అతిథులు వచ్చారు. సారు బల్ల మీద ముసుగు తీశాడు. కింద లేతరంగు రబ్బరు చెయ్యి ఉంది. వేళ్ళ వెంబడి బాబాయ్ కోసిన నల్లటి పట్టీలు. పంపు బుస్సుమంది. వేళ్ళు ముడుచుకుని ఒక టమాటాను తొక్క చిట్లకుండా పట్టుకున్నాయి.

"పళ్ళు ఏరడానికి ఇంతకన్నా సుకుమారమైన చెయ్యి దొరకదండీ" అన్నాడు సారు.

అందరూ చప్పట్లు కొట్టారు. బాబాయ్ కూడా కొట్టాడు. కొడుతూనే ఆ వేళ్ళకేసి చూశాడు. మూడే ఉన్నాయి. మూడూ ఒకే పొడవు.

అతిథులు భోజనాలకు కదిలాక బాబాయ్ సారు చొక్కా పట్టుకుని ఆపాడు. "మరి గ్లౌజు?"

సారు నేల చూపులు చూశాడు. "అది ఆపేశాం బాబాయ్. మనుషులకు తొడగాలంటే అనుమతులకే ఏళ్ళు పడతాయి. పెట్టుబడి పెట్టేవాళ్ళకు ఇదే కావాలి."

"ఎప్పుడు ఆపేశారు?"

"వానలకు ముందే. పిన్నికి ఫోన్ చేసి చెప్పానే! ఆవిడ మీకు చెప్పలేదా?"

వానలు వెలిసి చలి కూడా వచ్చేసింది. నిన్న సాయంత్రం కూడా ఆవిడ "ఎంతవరకొచ్చింది?" అందే!

"నాకెందుకు చెప్పలేదురా?" ఇన్నేళ్ళలో సారును 'రా' అనడం అదే మొదలు.

"ఇవాళ్టి పని అయ్యేదాకా మీరు ఎక్కడ మానేస్తారోనని..."

ఇక వినలేదు. చేతులు కడుక్కుని, మూతిగుడ్డ విప్పి, గేటు దాటాడు. దారంతా తనలో తనే గొణుక్కున్నాడు. వీడంటే పరాయివాడు, పోనీ. ఆవిడకేం వచ్చింది?

ఎడమచేత్తో తలుపు తీసిన ఆవిడ, వేళకాని వేళ వచ్చిన మొగుణ్ణి చూసి హడలిపోయింది. "ఒంట్లో బాగాలేదా?"

"నీకు ఎప్పుడో తెలుసట."

ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. "మీరు రోజూ అంత సంబరంగా చెబుతుంటే నోరు రాలేదండీ."

"నా సంబరం నీకోసమే కదే!" అని అరిచాడు. "నువ్వు అడుగుతున్నావనే చెప్పాను."

"మీరు చెబుతారనే అడిగాను."

బాబాయ్ గడప మీద కూలబడ్డాడు. ఇక అటు వెళ్ళనన్నాడు. ఆవిడ సరేనంది.

ప్రయోగశాలలో అతిథులు భోంచేసి అటునుంచటే వెళ్ళిపోయారు. పంపు కట్టేసేది ఎప్పుడూ మసి బాబాయే కాబట్టి ఇంకెవరికీ ఆ సంగతి తోచలేదు. బల్ల మీద ఆ మూడువేళ్ళ చెయ్యి టమాటాను నొక్కకుండా, వదలకుండా, అలాగే పట్టుకుని ఉంది.