నాయిన కట్టిన దండెం

మా గుండ్లకుంటల సిగ్నల్ ఎంత తక్కువంటే, ఎవరన్న మిస్డ్ కాల్ ఇస్తే అది పాలమూరు దాక వచ్చి, ఆడ బస్సెక్కి, తెల్లారి మాకు చేరుతది. ఊరి చుట్టు గుట్టలు. గుట్టల మీద ఏనుగులంత గుండ్లు. సిగ్నల్ వాటిని చూసి జడుసుకొని ఎనకకు పోతది. ఈ ముచ్చట సర్పంచ్‌కు చెప్తే ఆయన నిజమే అనుకొని గుండ్ల దిక్కు చానసేపు చూసిండు.

గసుంటి ఊరికి స్తంభాల మీదికెల్లి ఒక నల్ల వైరు వచ్చింది, ఇంటర్నెట్‌ది. మేం పెట్టించుకున్నది మా అక్క కోమల కోసం. అక్కకు పుట్టుకతోనే చెవులు వినవడవు, మాట రాదు. హైదరాబాద్‌ల మందుల కంపెనీల ప్యాకింగ్ పని చేస్తది, హాస్టల్ల ఉంటది. ఆమెతోని మాట్లాడాల్నంటే చేతులు కావాలె. చేతులు కనవడాల్నంటే వీడియో కావాలె.

మా చేతుల భాష ఏ బడిల చెప్పరు. అమ్మ పోకముందు ఇంట్లనే చేసిపెట్టింది. మీసం తిప్పితే నాయిన. తల మీద రెండు వేళ్లు పెడితే బర్రె. చెవు మెలిపెడితే నేను, మల్లేశ్‌గాణ్ణి. చిన్నప్పుడు నా చెవు ఎప్పుడు ఎవరో ఒకరి చేతులనే ఉండేది, అందుకు. అయిదు వేళ్లు కూడగట్టి నోటికాడికి తెస్తే, తిన్నవా అని.

రోజు పొద్దుగూకంగ అక్క ఫోన్ల కనవడుతుండె. ఊర్ల నేను చేసిన కోతిపనులన్ని ఆమె ముందల ఆడి చూపిస్తుంటి. అక్క నవ్వితే చప్పుడు రాదు, భుజాలు ఎగుర్తయి. ఆ భుజాల కోసం నేను ఊరోళ్లందరితోని తిట్లు తిన్న. నా ఈడు పోరగాళ్లందరు పట్నం పోయిండ్రు. నా వేషాలు చూసేది ఇగ ఆమె ఒక్కతే. పక్కన నాయిన తన వంతు కోసం కూసునేటోడు. మాతోని మాట్లాడాల్నంటే నోరు అరుగుతదన్నట్టుండే మనిషి, అక్క కనవడితె ఫోన్ వేడెక్కేదాక చేతులతోని ముచ్చట పెట్టేటోడు.

వానకాలం మొదట్ల వైరు బందయింది. ఇంట్ల ఇంటర్నెట్ డబ్బ మీద ఎర్ర లైటు పడ్డది.

వైరు చూసే మారయ్య వచ్చి, స్తంభాలెంబడి తిరిగి, మొఖం మాడ్చుకొని మలిగొచ్చిండు.

"తెగిందా అన్నా?"

"తెగుడు కాదురా. చెర్వుకట్ట కాడ రెండు స్తంభాల నడుమ వైరే లేదు. ఎవడో కోసుకపోయిండు."

"అతికియ్యరాదే?"

"అదేమన్న చెప్పు పట్టెనారా? లోపల అద్దం పోగులుంటయి. కొత్త వైరు రావాలె. ఊరంత కలిపి మూడిండ్లకు కనెక్షన్. కంపెనోడు ఎప్పుడు పంపుతడో దేవునికే ఎరుక."

"దేవునికి మస్తు స్పీడ్ ఉన్నట్టుంది కనెక్షన్."

"నీ అసుంటోళ్లు ఉన్నందుకే ఈ ఊరికి ఏదీ రాదు" అనుకుంట బండి కొట్టిండు.

ఇగ అక్క మెసేజ్‌లు పెట్టుడు మొదలుపెట్టింది. నాయినకు చదువు రాదు, నేను చదివి చెప్పాలె.

"బాగున్ననంటాంది. నువ్వు మందు గోలీలు ఏసుకుంటున్నవా అంటాంది. తమ్మునికి కోడికూర వండిపెట్టుమంటాంది."

"కోమల గంత రాయదు" అన్నడు నాయిన. "నేను గిట్లన్ననని రాయి."

అరచెయ్యి గాలిల పెట్టి, కనవడని తలను నిమిరినట్టు మెల్లగ కిందికి తెచ్చిండు.

"దాన్నెట్ల రాయాలె నాయినా?"

"నాకేం ఎరుక? చదువుకున్నోనివి నువ్వు."

రెండు మూడు తీర్ల రాసి చెరిపిన. ఆఖరికి 'నాయిన బాగున్నడు' అని రాసిన.

వాన జర తెరిపిచ్చిన నాడు బట్టలు పిండి వాకిట్ల ఆరేస్తున్న. వేపచెట్టు నుంచి తానాలు చేసే జాలాడి గుంజ దాక నాయిన కొత్త దండెం కట్టిండు. నల్ల వైరు. మా ఊర్ల ఇది వింత గాదు. ఇంటింటికి డిష్షులు వచ్చినంక పాత టీవీ వైర్లు స్తంభాలకు యాలాడుకుంట మిగిలినయి. ఊరంత వాటినే కోసుకొని బీరపందిరి కట్టిండ్రు, మంచాలల్లిండ్రు. ఇయ్యాల మా ఊరి బర్రెలన్ని ఒకప్పుడు సీరియళ్లు పారిన వైరుకే కట్టేసి ఉంటయి.

దండెం కొసకు చూపు పోయింది. కోసిన కాడ లోపలికెల్లి వెంట్రుకల్లెక్క అద్దం పోగులు ఎండకు మెరుస్తున్నయి.

"నాయినా, గీ వైరు ఏడిది?"

"చెర్వుకట్ట కాడ జారి యాలాడుతుండె. పాత టీవీ వైరు. బర్రె మెడకు చుట్టుకుంటదని కోసిన." చేత్తోని గుంజి చూపించిండు. "మస్తు గట్టిగుంది. అక్క వచ్చినప్పుడల్లా బట్టలు ఆరేయ జాగ లేదంటది గద."

నా నాలుక మీదికి మాటలు తోసుకొని వచ్చినయి. ఒక్కటి ఇడిస్తే ఊరు వచ్చే దసర దాక నవ్వుకునేది. మింగిన.

"మంచిగ కట్టినవ్" అన్న.

"మరి మన ఇంటర్నెట్ వైరు కోసిందెవరట?"

"కోతులు."

"కోతులు కోస్తయారా?"

"కొడవలి తెచ్చుకున్నయట."

నాయిన తల ఊపిండు. నా అబద్ధాల్ల ఆయన నమ్మిన మొదటిది గదే.

ఆదివారం అక్కకు మెసేజ్ పెట్టి, నాయినను గుట్ట మీదికి తోల్కపోయిన. మోకాళ్లు పట్టుకుంట, తిట్టుకుంట ఎక్కిండు. అన్నిట్కన్న పెద్ద గుండు మీద నిలవడి చెయ్యి లేపితే సిగ్నల్ జర దొరికింది. పొద్దు గుంకుతాంది. అక్క మొఖం వచ్చింది. మమ్ముల చూసి కండ్లు పెద్దగ చేసింది. అయిదు వేళ్లు కూడగట్టి నోటికాడికి తెచ్చింది.

వీడియో గాడనే ఆగిపోయింది.

నాయిన చెయ్యి లేపి, తిన్న అన్నడు. ఏం కూరనో చెప్పిండు.

"నాయినా, ఆగిపోయింది. నువ్వు అక్కకు కనవడవు."

"నాకు కనవడుతాంది గద."

వాన సంగతి చెప్పిండు. బర్రె ఈనిన సంగతి చెప్పిండు. రెండు చేతులు ఈ కొస నుంచి ఆ కొస దాక చాపి, దండెం కట్టినట్టు, దాని మీద చీర ఆరేసినట్టు చూపిండు. అరచెయ్యితోని గాలిల తల నిమిరిండు. నేను ఫోన్ పట్టుకొని నిలవడ్డ. అక్క చెయ్యి నోటికాడనే ఉంది.

ఆఖరికి నేను గూడ చెవు మెలిపెట్టుకొని, కోతి కొడవలి పట్టుకొని స్తంభమెక్కినట్టు ఆడిన.

భుజాలు ఎగరలే.