తీసేయమన్న అంకెలు

నా థీసిస్‌లోని ఆరు అంకెలు మా గైడు వెంకటనారాయణ సారుకి కంట్లో నలుసయ్యాయి. అవి తీసేస్తేనే సంతకం పెడతానన్నారు. సంతకం లేకపోతే వైవా లేదు, వైవా లేకపోతే ఎం.టెక్ లేదు. ఇది 2008లో, ఖమ్మంలోని మా కాలేజీ మాట. వద్దన్న పని చేయడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు, ముందే చెబుతున్నాను.

నా పని చెప్పుకుంటే చిన్నదే. ఎపాక్సీ ప్లాస్టిక్ ముక్కలోకి వజ్రపు మొనను గుచ్చాలి. ఎంత బలానికి ఎంత లోతు దిగిందో యంత్రం చెబుతుంది, దాన్నిబట్టి గట్టితనం లెక్కకట్టాలి. ఒకే ముక్క కదా, లోతుగా గుచ్చినా పైపైన గుచ్చినా గట్టితనం ఒకటే రావాలని ఎవరైనా అనుకుంటారు. నాకు అలా రాలేదు. మొన వెంట్రుక మందంలో వందో వంతు కూడా దిగనప్పుడు అదే ప్లాస్టిక్ దాదాపు ఒకటిన్నర రెట్లు గట్టిగా నిలబడింది.

"మొన అరిగింది. హైదరాబాదోళ్లు పాతదని వదిలించుకున్న మిషనది. ఆ ఆరు పైపై రీడింగులు తీసెయ్," అన్నారు సారు. అక్కడితో ఆగినా బాగుండేది. "జిగురు ఏరుకునేటోళ్ల ఇంట్లకెల్లి ఇంతదాక వచ్చినవ్. డిగ్రీ తీస్కొని పో. కొత్త సైన్సు నీకెందుకు?"

నాకు ఒళ్లు మండింది. అవును, మా నాన్న పోతయ్య సారపాక అవతలి అడవిలో తపసి చెట్ల నుంచి జిగురు తీస్తాడు. జిగురు ముద్ద పైన ఎండి పెచ్చు కడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. అందుకే నాన్న పైపైన నొక్కి నమ్మడు, కత్తితో చీల్చి లోపల నొక్కి చూస్తాడు. ఆ అంకెలు చూడగానే నా అనుమానం కూడా పెచ్చు మీదికే పోయింది. ప్లాస్టిక్ పైపొర గట్టిపడి ఉంటుందని వారం రోజులు నమ్మాను. చివరికి ముక్కను అడ్డంగా కోసి, లోపలి ముఖాన్ని నునుపు చేసి గుచ్చాను. అక్కడా అంతే వచ్చింది. నా అనుమానమే తప్పు.

వరంగల్ నుంచి ఉషారాణి మేడం ఎగ్జామినర్‌గా వైవాలకి వచ్చిన రోజు జాబితాలో నా పేరు లేదు. అయినా థీసిస్ పట్టుకుని లోపలికి వెళ్లాను.

"ఈ అమ్మాయికి నేను సంతకం పెట్టలే మేడం," అన్నారు సారు.

"ఎందుకు పెట్టలేదో నేను చూపిస్త మేడం. ఒక్క గంట ల్యాబుకు రండ్రి," అన్నాను.

ముందు గాజు ముక్క బిగించాను. మొన అరిగి ఉంటే గాజు మీద కూడా పైపై లెక్క తప్పాలి. తప్పలేదు. లోతుగానూ పైపైనా ఒకే అంకె. మొన మార్చకుండా, కోసిన ప్లాస్టిక్ ముక్క పెట్టాను. లోతు తగ్గేకొద్దీ గట్టితనం పెరుగుతూ పోయింది.

"ఎందుకంటవమ్మా?" అడిగారు మేడం.

"దీంట్ల అణువులు పొడుగు గొలుసుల లెక్కుంటయ్ మేడం. మొన చేసే గుంట చిన్నదైతే వాటిని చటుక్కున మలపాలె. మలుపు ఎంత ఇరుకైతే అవి అంత ఎదురు తిరుగుతయ్. ఇదే కారణమని నేను రుజువు చెయ్యలే. పెరగడం మాత్రం నిజం."

మేడం సారు వైపు తిరిగారు. "ఇవి తీసేస్తే ఈ థీసిస్‌ల ఏం మిగుల్తది సార్?"

సారు ముఖం మాడిపోయింది. సాయంత్రం నన్ను పిలిచారు. "సంతకం పెడ్త. ముందు పేజీల 'గైడు సలహాతో' అని రాయి. అందరు రాసేదే గదా."

అందరూ రాస్తారు, నిజమే. ఏ థీసిస్ తెరిచినా గైడుగారి అమూల్య సలహాలే. నేనూ ఒక పేజీ టైపు చేసి తెచ్చాను. "మొన అరిగిందని మా గైడు అనుమానించడం వల్ల గాజు మీద పరీక్షించాను. కోసి చూడటం మా నాన్న పోతయ్య దగ్గర నేర్చుకున్నాను. అంకెలు ఉంచడం నా నిర్ణయం."

సారు రెండుసార్లు చదివారు. "మీ నాయిన పేరెందుకు ఈడ?"

"పద్ధతి ఆయనది సార్. సంతకం మీ ఇష్టం. నేను మాత్రం ఒక్క అక్షరం తియ్య."

సారు పెన్ను తీశారు. ఆయన సంతకం పూర్తయ్యేదాకా నేను కూర్చోలేదు.