చేయి తగిలితే మారే అంకె

ఆ రోజు తాను రాసిన అంకె నిజమేనా అన్న సందేహం దర్మాజీని పద్దెనిమిదేళ్లుగా వదల్లేదు. నిజం కాకపోతే, ఒక మనిషికి తాను క్షమాపణ బాకీ.

ఇండోనేషియాలో, మలాంగ్‌లోని వాళ్ల రేడియో సంఘంలో ఫ్రీక్వెన్సీ కొలిచే కౌంటర్ ఉన్నది అతనొక్కడికే. ఎవరు రేడియో తరంగం పుట్టించే ఆసిలేటర్ సర్క్యూట్ కట్టి తెచ్చినా అది ఎంత మీద పలుకుతోందో తేల్చేవాడు అతనే. నూడుల్స్ బండి నడిపే వర్సిదికి కొలిచే పరికరాలేవీ లేవు. పాత రేడియో పక్కన పెట్టుకుని చెవితోనే సరిచేసి తెచ్చాడు. మూడువేల ఎనిమిదివందల ఇరవై కిలోహెర్ట్జ్ అన్నాడు. క్లిప్పు తగిలించి చూస్తే కౌంటర్ ఇరవై తొమ్మిది తక్కువ చూపింది.

"నీ పెట్టెకు చెవుడు, దర్మా," అన్నాడు వర్సిది.

"అంకె చదవడానికి చెవులెందుకు, మాస్?" అన్నాడు దర్మాజీ. మాస్ అంటే అన్న వరస. అయినా ఆ ఎగతాళికి అందరూ పగలబడి నవ్వారు. పట్టికలో 'తప్పింది' అని రాశాడు. వర్సిది ఆ సర్క్యూట్‌ను బల్లమీదే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత సంఘం సాయంత్రాల్లో రేడియోలో పేర్లు పిలుచుకునేటప్పుడు అతని గొంతు మళ్లీ వినబడలేదు.

"బియ్యం వడియాలున్నాయనుకుని తీస్తే మళ్లీ తీగలే!" పద్దెనిమిదేళ్ల తర్వాత ఒక శుక్రవారం భార్య లస్మి బిస్కెట్ డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది. "ఈ ఇంట్లో ఒక్క డబ్బాలోనైనా తినేది ఉంటుందా, పాక్?" ఆలుమగలు ఒకరినొకరు పాక్, బు అని, అంటే నాన్నా, అమ్మా అనే పిలుచుకుంటారు.

అందులో ఉన్నది వర్సిది సర్క్యూట్.

దర్మాజీ బ్యాటరీ కలిపి, కౌంటర్ క్లిప్పు తగిలించాడు. దాదాపు పాత అంకే. ఈసారి వర్సిదిలా చెవితో కూడా చూద్దామని రేడియోను ఆ అంకెకు తిప్పాడు. ఈల వినిపించింది. కౌంటర్ పని అయిపోయిందని క్లిప్పు తీశాడు.

ఈల పారిపోయింది.

ముల్లు తిప్పుతూ దాని వెంటపడ్డాడు. మళ్లీ దొరికింది. సన్నగా ఉన్నది లావెక్కి, గురగురమని, చివరికి మాయమైంది. రేడియో, సర్క్యూట్ ఒకే చోట నిలిచాయన్నమాట. ముల్లు మూడువేల ఎనిమిదివందల ఇరవై గీతకు వెంట్రుకవాసి ఇవతల ఆగింది.

తగిలించిన కౌంటర్ తీగే సర్క్యూట్‌ను కిందికి లాగుతోంది. అరచేయి దగ్గరకు తెచ్చాడు, తాకకుండానే. నిశ్శబ్దంలోంచి ఈల లేచింది. చేయి తీస్తే మళ్లీ అణిగింది. జానెడు ఖాళీ గాలి తన చేతిని గుర్తుపడుతోంది! "సుభానల్లా" అన్నాడు. ఇంత సున్నితంగా అల్లిన సృష్టిలో, ఒకరి మీద తీర్పు రాసేటప్పుడు తన చేయి ఎక్కడుందో చూసుకోని వాడిని ఏమనాలి?

"ఏమైంది, పాక్? కళ్లు తుడుచుకుంటున్నావు?"

"తప్పింది సర్క్యూట్ కాదు, బు. నేను."

పొద్దుగుంకాక చేసే మగ్రిబ్ నమాజు కాగానే, సంఘం పేర్లు పిలుచుకునే వేళకు రేడియో మైకు పట్టుకున్నాడు. ఆ రోజు నవ్విన వాళ్లలో చాలామంది వింటున్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. "మాస్ వర్సిది లెక్క సరైనది. తప్పు కొలిచింది నేను. నన్ను క్షమించాలి, మాస్."

రేడియోలో గరగర. తర్వాత బొంగురు గొంతు ఒకటి.

"రోజూ వింటూనే ఉన్నాన్రా, దర్మా. ఇన్నాళ్లకా? సరే, అందింది. నా పేరు కూడా పిలువు."

దర్మాజీ పేర్ల పట్టికలో కొత్త గీత గీసి, ఆ పేరు పైకి చదివాడు.