కుంటలో బకెట్

భాగ్యమ్మ చేతిలో పైపు, కళ్లు కుంట మీద. మందారాలకు నీళ్లు పడుతూనే తామరాకుల కింద చేపలెక్కడున్నాయా అని చూస్తోంది. మే నెల ఎండలకు నీరు అంచు నుంచి రెండు వేళ్లు కిందికి దిగింది. రాళ్ల మీది పాకుడు ఎండి పెచ్చులు లేస్తోంది. కొండాపూర్‌లోని ఆ విల్లా వాళ్లు దాన్ని పాండ్ అంటారు. ఆమెకు మాత్రం అది కుంటే.

"రెండు రోజులు కుంటలో చుక్క నీరు పోయకు భాగ్యమ్మా," అన్నారు మొన్న రామ్మోహనరావు గారు. "ఎండకే తగ్గుతుంటే సరే, ఉంచుదాం. లీకైతే మాత్రం పూడ్పించేయడమే. ట్యాంకర్ల వాళ్లని బతిమాలలేక చస్తున్నాం." నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి, పెరట్లో కుంటకు పరీక్ష పెట్టకుండా ఊరుకుంటారా?

కుంటను చూసుకోవడానికే భాగ్యమ్మను పెట్టుకున్నారు. అది పోతే ఆమె పనీ పోతుంది. అందుకే మాట జవదాటలేదు. పైకొచ్చి నోళ్లు తెరుస్తున్న చేపల్ని చూసి కూడా పైపు అటు తిప్పలేదు.

అయితే కుంట మెట్టు మీద, నీళ్లలో సగం మునిగి ఒక బకెట్ ఉంది. సారే నిండా నీళ్లు పోసి పెట్టారు, ఎందుకో చెప్పలేదు. నిన్న అది కాస్త వెలితిగా కనిపిస్తే నింపింది. ఇవాళా నింపింది. ఆలోచించి చేసిన పని కాదు. ఆమె ఉండే బోరబండలో నల్లా దినం తప్పించి దినం వస్తుంది. వచ్చినప్పుడు డ్రమ్ము, బిందె, చెంబు, చివరికి గిన్నె మూత కూడా నిండాల్సిందే. పురిటి నొప్పులు మొదలైన రోజున కూడా భాగ్యమ్మ డ్రమ్ము నింపాకే దవాఖానకు కదిలింది. వెలితి గిన్నె కనబడితే ఆమె చెయ్యి ఊరుకోదు.

కాఫీ గ్లాసుతో వచ్చిన రామ్మోహనరావు గారు వంగి చూసి, భార్య రాజరాజేశ్వరిని కేకేశారు.

"చూశావా, బకెట్ పెట్టినప్పటిలా నిండుగానే ఉంది. కుంటలో మాత్రం ఇంత దిగిపోయింది. ఎండకైతే రెండూ ఒకేలా తగ్గాలి కదా. అడుగున ఎక్కడో చిల్లే."

భాగ్యమ్మ పైపు కింద పడేసి ముందుకొచ్చింది.

"బకెట్ల నేనే పోసిన సారూ. నిన్న పోసిన, ఇయ్యాల పోసిన. కుంటల పొయ్యద్దంటిరి, బకెట్ల పొయ్యద్దనలేదు గద!"

ఆయన జాలిగా నవ్వారు. "పని పోతుందనేగా ఈ మాట? బెంగపెట్టుకోకు. వేరే ఇంట్లో చెప్పి పెడతాంలే."

"నా బిడ్డ మీదొట్టు సారూ."

"ఒట్లెందుకు భాగ్యమ్మా," అంది రాజరాజేశ్వరి, మెత్తగానే. "నీళ్లలో ఉన్న బకెట్లో ఎవరైనా నీళ్లు పోస్తారా?"

భాగ్యమ్మ నల్లా కట్టేసి పైపు చుట్టింది. తన మాట నమ్మలేదన్న బాధ కంటే, తన చేత్తోనే కుంటకు కీడు చేశానన్న బాధ ఆమెను ఎక్కువ కోసింది.

మధ్యాహ్నం పక్క వీధి అపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చి చేపల్ని టబ్బుల్లో పట్టుకుపోయారు. మిగిలిన నీటిని మోటారు పెట్టి కాలువలోకి తోడేశారు. అడుగున చిల్లుందో లేదో ఎవరూ చూడలేదు. సాయంత్రానికి ట్రాక్టరు ఎర్రమట్టి దింపింది. భాగ్యమ్మ పెరడంతా ఊడ్చి, చేతులు కడుక్కుని, అమ్మగారికి చెప్పి బయటికి నడిచింది.

"కార్డిచ్చి పో అక్కా. పని బంద్ అయిందని ఫోన్ జేసిన్రు," అన్నాడు విల్లాల కాలనీ గేటు దగ్గర గార్డు.

మెడలోంచి గేటు పాసు కార్డు తీసి ఇచ్చేసి, ఆమె హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్ వైపు వెళ్లిపోయింది. గార్డు దాన్ని గోడకున్న మేకుకు తగిలించాడు. పనిలో చేరిన రోజున అమ్మగారే సెల్‌ఫోన్‌తో తీసిన ఫొటో ఉంది దాని మీద: కొంగు సర్దుకుని బిగుసుకుపోయి నిలబడ్డ భాగ్యమ్మ, ఆమె వెనక అంచుల దాకా నిండిన కుంట.