డాడీ చదివిన ముల్లు

మా ఇంట్లో బాగా నడుస్తున్న వస్తువును విప్పేది నేను, విప్పినదాన్ని మళ్ళీ బిగించేది మా డాడీ. మిక్సీ, గోడగడియారం, కుట్టుమిషను, అన్నీ నా చేతుల్లోంచి ఆయన చేతుల్లోకి పోయినవే. నాకు ఓపిక తక్కువ, కోపం ఎక్కువ. ఏ వస్తువైనా సరే, లోపల ఏం జరుగుతోందో తెలియకపోతే నిద్ర పట్టదు. అందుకే మా పాత చిన్న కారుకు టర్బో పెడదామని నేనన్నప్పుడు మా అమ్మ కృపమ్మ ఒక్కటే అడిగింది.

"మంచిగనే నడుస్తాంది గద. దానికేం రోగం జెస్సికా?"

రోగం కారుకు కాదు, నాకు. హసన్‌పర్తి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఏళ్ళ తరబడి టర్బో గురించి బోర్డు మీద బొమ్మలు గీసి చెబుతున్నాను. ఇంజను వదిలే పొగతోనే ఒక చిన్న చక్రం తిరుగుతుంది, ఆ చక్రం మళ్ళీ ఇంజనులోకే గాలిని కుక్కుతుంది. చెప్పడం తప్ప దాని ఊపు ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదు. ఇది న్యాయమేనా?

హన్మకొండలో గ్యారేజీ నడిపే ఆతిఫ్ ఈ మాట వినగానే చేతిలోని టీ పక్కన పెట్టేశాడు. "టర్బో పెట్టుడు పెద్ద ముచ్చట కాదక్కా," అన్నాడు. "గాలి ఎంత పెరిగితే పెట్రోల్ గంత పెరగాలె. లేకుంటే లోపల మంట వేడెక్కి పిస్టన్లు కరుగుతయ్. అసలు పని పెట్రోల్ దగ్గరున్నది."

కాబట్టి ముందు పెట్రోలు దారి మొత్తం మార్చాం. ట్యాంకులో బలమైన పంపు, ఇంజను దగ్గర ఎక్కువ చిమ్మే ఇంజెక్టర్లు, టర్బో ఊదే కొద్దీ పెట్రోలు ప్రెషర్‌ను కూడా పెంచే రెగ్యులేటర్. ఆ ప్రెషర్ ఎంతుందో చూపే మీటరును డాష్‌బోర్డు మీద ఎడమ పక్క బిగించాం. నడిపేవాళ్ళు రోడ్డును చూడాలి గనక, దాన్ని పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు చదివి చెప్పాలి.

"గా పని నాది," అన్నాడు డాడీ.

మా డాడీ జ్ఞానప్రకాశం మిషన్ దవాఖాన జీపు నడిపి రిటైరయ్యాడు. ఈ కారు ఇంజనును ఒకప్పుడు తన చేతులతోనే విప్పి కొత్తదాన్ని చేశాడు. అలాంటి ఇంజన్లు ఇప్పుడు తయారు కావడం లేదు, పోతే పోయినట్టే. అయినా నన్ను వద్దనలేదు. ప్లాట్లు అమ్మే రాంప్రసాద్ అన్న వెంచర్లో రోడ్లు వేసి ఉన్నాయి, ఇళ్ళు ఇంకా రాలేదు. అక్కడ కార్ల పిచ్చివాళ్ళం కొందరం ఒక శనివారం ఒక్కొక్కరుగా పరుగు తీసి టైం చూసుకుందామనుకున్నాం. ఆదివారమైతే డాడీ కారును గేటు దాటనిచ్చేవాడే కాదు. శనివారం కాబట్టి, నా బిడ్డ నడుపుతది, నేను మీటర్ చదువుతా అని చర్చి పెద్దలందరికీ చెప్పుకున్నాడు.

పంపు బిగించింది ఆ శనివారానికి రెండు వారాల ముందు, ఒక శుక్రవారం. ఆతిఫ్ వెనక సీటు లేపి, ట్యాంకు మూత తీసి, పాత పంపు పైకి లాగాడు. అంతలో నమాజుకు వేళయింది. "అంకుల్, జర చూస్తుండున్రి," అని వెళ్ళాడు. నేను కాలేజీలో ఉన్నాను. ఆతిఫ్ తిరిగొచ్చేసరికి డాడీ కొత్త పంపును ట్యాంకులో దించి, మూత బిగించి, చేతులు కడుక్కుని కూర్చున్నాడు. సగం పని తప్పిందని ఆతిఫ్ సంబరపడ్డాడు.

తర్వాత వెంచర్‌కు తీసుకెళ్ళి మొదటిసారి గట్టిగా తొక్కాను. వెనక నుంచి ఎవరో నెట్టినట్టు కారు ముందుకు దూకింది. ఆ ఊపుకు నాకు నవ్వొచ్చింది. అప్పుడే డాడీ గొంతు వినిపించింది.

"మూడు. మూడు. తగ్గుతాంది. రెండున్నర. పడిపోతాంది బిడ్డా, ఆపు."

కాలు తీసేశాను. మళ్ళీ తొక్కాను. మళ్ళీ అంతే. మెల్లగా పోతే మీటరు ముల్లు బండరాయిలా కదలదు, గట్టిగా తొక్కితే పైకి పోవాల్సింది కిందికి జారుతుంది.

"ఇంకొంచెం ఆగి చెప్పొచ్చు గద డాడీ. అప్పుడే ఊపు అందుకుంటాంది."

"పడుతాంటే పడుతాందనే చెప్త. నీకోసం పైకి పోతాందని చెప్పాల్నా?"

నాకు ఒళ్ళు మండింది. అయినా ఆ ముల్లు నన్ను పట్టుకుంది. ఎందుకు పడుతోంది? పంపుకు కరెంటు సరిగా అందడం లేదా? కొత్త వైరు లాగాం, కరెంటు బాగానే ఉంది. రెగ్యులేటరా? వేరేది పెట్టి చూశాం. పైపు ఎక్కడైనా నలిగిందా? కారు కింద పడుకుని ఆ చివర నుంచి ఈ చివరదాకా తడిమాను. ప్రతి మార్పు తర్వాత వెంచర్‌కు పోవడం, నేను తొక్కడం, డాడీ "పడుతాంది" అనడం. పంపు అమ్మినవాడికి ఫోన్ చేసి నకిలీది అంటగట్టావని దులిపేశాను. పాపం, అతనికి మాట్లాడే సందే ఇవ్వలేదు.

శనివారం దగ్గరికొచ్చింది. ఆతిఫ్ నిష్ఠూరం లేకుండానే తేల్చి చెప్పాడు. "ప్రెషర్ నిలబడకుంటే టర్బో తీసేస్తనక్కా. నువ్వు తిట్టినా సరే. అంకుల్ చేసిన ఇంజనును నా చేతుల మీద చంపలేను."

ఇంటికొస్తే అక్కడ ఇంకో గొడవ. అమ్మ తెల్లచీర, చర్చిలో ప్రభురాత్రి భోజనం ఉన్న ఆదివారాల్లో మాత్రమే కట్టే మెత్తటి చీర, దోపుకునే చెంగు వైపు పొట్టిగా అయిందట. ఇస్త్రీ ఆయన కాల్చేసి, కాలిన ముక్క కత్తిరించి, ఏమెరగనట్టు మడతపెట్టి ఇచ్చాడని అమ్మ అనుమానం. డాడీ తలెత్తకుండా బిందె మీద గుడ్డ వేసి మంచినీళ్ళు వడగడుతున్నాడు. మా ఇంట్లో వడగట్టకుండా ఏదీ లోపలికి పోదు. ఫిల్టర్లోంచి వచ్చిన నీళ్ళను కూడా ఆయన గుడ్డలో పోస్తాడు. జీపు రోజుల నుంచి ఆయనకదే అలవాటు. అడవి ఊళ్ళలో డ్రమ్ముల్లో దొరికే డీజిల్లో ఇసుక, తుప్పు ఉండేవట. గుడ్డలో వడగట్టి పోసేవాడు. పురిటి నొప్పులు పడుతున్న ఆడవాళ్ళను ఎక్కించుకుని రాళ్ళ దారుల్లో వచ్చిన ఆ జీపు ఒక్కసారి కూడా మధ్యలో ఆగలేదని ఇప్పటికీ చెబుతాడు.

మర్నాడు గ్యారేజీకి పోయి, పంపును బయటికి తీద్దామన్నాను. ఇంకేం మిగిలింది గనక? ఆతిఫ్ మూత విప్పి, పంపును పైకి లాగి, అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

పంపు అడుగున పెట్రోలు పీల్చుకునే చోట ఒక జాలీ సంచి ఉంటుంది. కొన్నప్పుడు అది నల్లగా ఉంది. ఇప్పుడు తెల్లగా ఉంది. దాని మీద మెత్తటి తెల్లగుడ్డను రెండు మడతలు వేసి, చుట్టూ సన్నటి కుట్లు వేశారు. పెట్రోలు కారిపోయాక కూడా ఆ గుడ్డ జాలీకి అతుక్కునే ఉంది.

"అక్కా, ఇది నేను పెట్టలే," అన్నాడు ఆతిఫ్.

నాకు తెలుసు. ఆ కుట్లు నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు నా స్కూలు బ్యాగు తెగితే అలాగే కుట్టేవాడు. మెల్లగా పోయేటప్పుడు పంపుకు ఆ గుడ్డలోంచి వచ్చే పెట్రోలు సరిపోతోంది. గట్టిగా తొక్కగానే చాలడం లేదు. ఇన్నాళ్ళూ నేను కారంతా వెతికాను, కారు దాహంతో ఉంది. ఆతిఫ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ గుడ్డ పట్టుకుని, దారంతా అనాల్సిన మాటలు కూడబలుక్కుంటూ ఇంటికి పోయాను.

డాడీ వరండాలో కూర్చున్నాడు. గుడ్డ చూపించాను. నా గొంతు పెద్దదే. "ఇదేంది డాడీ? ఇంజను కరిగిపోతుండె."

ఆయన గుడ్డ వైపు, నా వైపు చూశాడు. తప్పు చేసినవాడి చూపు కాదది. "మన బంకుల పెట్రోల్‌ల దుమ్ముంటది బిడ్డా. జాలీ కండ్లు పెద్దగున్నయ్. గుడ్డ దుమ్మును ఆపుతది గని పెట్రోల్‌ను ఆపుతదా?"

"ఆపుతది."

"ఎంత ఆపుతది?"

ఆ ప్రశ్నతో నా కోపం సగం దిగిపోయింది. నేనైనా అదే అడిగేదాన్ని. స్కూటర్లోంచి కొంచెం పెట్రోలు తీసి, పెరట్లో ఒక గరాటలో పాత జాలీ ముక్క, ఇంకో గరాటలో అమ్మ చీర ముక్క రెండు మడతలు వేసి, రెండింటిలో ఒకేసారి పోశాం. ఒకటి గటగటా దిగిపోయింది. రెండోదాన్ని డాడీ ముందుకు వంగి చాలాసేపు చూశాడు. గుడ్డ మీద పెట్రోలు ఇంకా మెరుస్తూనే ఉంది.

"జీపు చుక్కచుక్క తాగేది," అన్నాడు చివరికి. "ఇది ఇట్ల తాగుతదని నాకు తెల్వలే."

వంటింటి గుమ్మంలోంచి అమ్మ ఆ గుడ్డను గుర్తుపట్టింది. "రేపు పోయి ఇస్త్రీ ఆయనకు నువ్వే చెప్పు, తప్పు నాదని," అంది డాడీతో. ఆయన తలూపాడు. తర్వాత నాతో మెల్లగా అన్నాడు.

"శనివారం నేను రాను బిడ్డా. మీటర్‌కు ఆతిఫ్‌ను కూసోపెట్టుకో. చెడగొట్టింది నేను, మల్ల చదివేది గూడ నేనేనా?"

ఇన్ని రోజులుగా నేను అరిచిన అరుపులన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. మొదటి రోజు ఇంకొంచెం ఆగి చెప్పమని నేనే అన్నాను. ఆయన ఆగలేదు. ముల్లు పడిన ప్రతిసారీ పడిందనే చెప్పాడు. నా ముఖం చూసి ఒక్కసారి కూడా మాట మార్చలేదు.

"డాడీ, వేరేటోళ్ళయితే నాకు భయపడి ఇంకో నిమిషం ఊకుందురు," అన్నాను. "నువ్వు ఆపు అన్నవ్ కాబట్టే ఇంజను బతికింది. నువ్వు రాకపోతే నేను పోను."

డాడీ లేచాడు. గరాటలోని గుడ్డ తీసి, పిండి, తీగ మీద ఆరేశాడు.

గుడ్డ లేకుండా పంపు మళ్ళీ బిగించాం. శనివారం మా వంతు వచ్చినప్పుడు డాడీ పక్క సీట్లో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. రోడ్డు చివర చర్చి పెద్దలు ఇద్దరు గొడుగు కింద నిలబడ్డారు. జెండా ఊపారు, తొక్కాను.

"మూడు," అన్నాడు డాడీ. "మూడుంబావు. మూడున్నర. నిలబడ్డది."

కారు నన్ను సీటుకేసి నొక్కుతోంది. ఇదే ఆ ఊపు, నేను బోర్డు మీద గీసిన బొమ్మ. అయినా ఇన్నిసార్లు ఇక్కడే ఆగిన అలవాటుకు నా కాలు దానంతటదే కొంచెం పైకి లేచింది.

"కాలెందుకు తీస్తానవ్?" అన్నాడు డాడీ, మీటరు మీద నుంచి చూపు తిప్పకుండా. "నేను ఆపమన్ననా బిడ్డా?"

మళ్ళీ తొక్కాను.